విశాఖలో తాగునీటి పరీక్ష: టీడీఎస్ మీటరు, ఇంటి కిట్టు, ప్రయోగశాల – ఏది ఎప్పుడు?

మూడేళ్ళ కిందట వానలు మొదలైన కొత్తలో మా అపార్ట్‌మెంటులో వారం తిరగకుండా నాలుగిళ్ళ పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సంఘం కార్యదర్శి ఇంటింటికీ వెళ్ళి కుళాయి నీటిలో టీడీఎస్ మీటరు (కరిగిన లవణాల మొత్తాన్ని చూపే పరికరం) ముంచి, 170, 180 అని అంకెలు రాసుకుని, నీళ్ళు బాగానే ఉన్నాయని అందరికీ చెప్పారు. పది రోజుల తరువాత ఒక ప్రయోగశాలలో బాక్టీరియా పరీక్ష చేయిస్తే సంపు నీటిలో ఈ.కోలి, అంటే మలం కలిసిందని తెలిపే బాక్టీరియా, ఉన్నట్టు తేలింది. సంపు మూత అంచు పగిలి ఉండటం వల్ల, పక్కనున్న డ్రైనేజీ ఛాంబర్ పొంగినప్పుడల్లా ఆ నీరు లోపలికి దిగుతోంది. మీటరు చూపిన అంకె సరైనదే గాని, దానికీ పిల్లల జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. ఆ పది రోజులూ మేము అదే నీటిని నమ్మకంగా తాగాము.

నీటి పరీక్షకు ఈనాడు మార్కెట్లో మార్గాలు చాలా ఉన్నాయి. కొన్ని వందల రూపాయల మీటరు నుంచి, వేల రూపాయలు తీసుకుని పదుల కొద్దీ అంశాలు చూసే ప్రయోగశాల వరకు, ప్రతిదీ నీటి నాణ్యతను తేలుస్తుందనే అంటారు. నిజానికి ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెప్పగలదు. అందువల్ల ఏ పరీక్ష మంచిదని అడిగే ముందు, మన ఇంటికి నీరు ఎక్కడి నుంచి వస్తోంది, వచ్చే దారిలో ఎక్కడ చెడే అవకాశం ఉంది అన్న రెండు సంగతులు తేల్చుకోవాలి. విశాఖపట్నం విషయంలో నా అభిప్రాయం ఇదీ: మున్సిపల్ కుళాయి నీరు తాగే ఇంట్లో మొదట చూడవలసినవి మిగులు క్లోరిన్ (శుద్ధిలో కలిపినదాంట్లో కుళాయి దాకా మిగిలి వచ్చేది), బాక్టీరియా. టీడీఎస్ మీటరుకు అసలైన పని బోరు దగ్గర ఉంది.

నీరు ఎక్కడ చెడుతుంది

నగరానికి నీరు ఒకే చోటి నుంచి రాదు. శతాబ్దానికి పైగా వయసున్న ముడసర్లోవ, గోస్తనీ నదిపై తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాలు, వీటికి తోడు నూరు కిలోమీటర్లకు పైగా సాగి వచ్చే ఏలేరు కాలువ, ఆ కాలువలోకి ఎత్తిపోసే గోదావరి నీరు, ఇవన్నీ కలిసి ఈ ఊరి దాహం తీరుస్తున్నాయి. ఇదంతా నేల మీద పారే నీరు కాబట్టి, లోతైన బోర్ల నీటితో పోలిస్తే ఇందులో కరిగిన లవణాలు తక్కువగా ఉంటాయి. బురద, సూక్ష్మజీవులు మాత్రం ఎక్కువగా ఉంటాయి కనుక శుద్ధి కేంద్రంలో పటిక వేసి మడ్డిని దింపి, ఇసుక వడపోత పట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు.

అక్కడి నుంచి బయలుదేరిన నీరు మన బిందెలోకి చేరే లోపలే అసలు ప్రమాదం ఉంది. రోజుకు కొద్దిసేపే నీరు వదిలే పద్ధతిలో మిగిలిన గంటలన్నీ పైపులు ఖాళీగానో, ఒత్తిడి లేకుండానో ఉంటాయి. ఆ సమయంలో అతుకుల దగ్గర సన్నని పగులు ఉన్నా, పైపు మురుగు కాలువను ఆనుకుని లేదా దాన్ని దాటుకుని వెళుతున్నా, చుట్టూ ఉన్న మురుగును పైపు లోపలికి లాగుతుంది. కొందరు సర్వీసు పైపుకే నేరుగా మోటారు బిగించి నీరు లాగుతారు. అది ఆ వీధి మొత్తానికీ ఈ ప్రమాదాన్ని పెంచే పని. ఇంటి ఆవరణలోకి వచ్చాక సంపు, పైన ట్యాంకు, వేసవిలో కలిపే బోరు నీరు, టాంకరు నీరు, ఇలా చెడటానికి మరో నాలుగు అవకాశాలు ఏర్పడతాయి. శుద్ధి కేంద్రం దగ్గర అన్ని పరీక్షలూ నెగ్గిన నీరు మూడో అంతస్తు వంటింట్లో విఫలం కావడానికి కారణం ఇదే. కనుక ఒక్కచోట తీసిన ఒక్క నమూనాతో తీర్పు చెప్పకూడదు. వీధి నుంచి వచ్చే కుళాయి, సంపు, వంటింటి కుళాయి అనే మూడు చోట్లా చూస్తేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, అది ఎవరు బాగుచేయాలో కూడా తెలుస్తుంది.

క్లోరిన్ పరీక్ష: చవకైనది, అందరూ వదిలేసేది

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం వినియోగదారుడి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగులు క్లోరిన్ ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ అవసరమైన పరిస్థితుల్లో కనీసం 0.5 ఉండాలి. ఈ అంకె ఉందంటే దారిలో చిన్నపాటి కలుషితం చేరినా దాన్ని చంపే శక్తి నీటిలో ఇంకా మిగిలి ఉందని అర్థం. నిన్నటి దాకా ఉన్న క్లోరిన్ ఈరోజు సున్నాకు పడిపోయిందంటే, దాన్ని తినేసిన మురికి ఏదో మధ్యలో చేరిందని అనుమానించాలి. బాక్టీరియా ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ సూచన నిమిషంలో అందుతుంది.

దీన్ని కొలిచే చిన్న పెట్టెను క్లోరోస్కోప్ అంటారు. ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. పసుపు రంగు చూపే ఆర్థోటాలిడిన్ చుక్కల మందు పాత పద్ధతి; అది స్వేచ్ఛా క్లోరిన్‌ను, ఇతర పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్‌ను విడదీసి చూపలేదు, పైగా ఆ రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదు. గులాబీ రంగు చూపే డీపీడీ మాత్ర పద్ధతి స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చూపుతుంది. ధరలో కొద్ది తేడా ఉన్నా రెండోదే కొనాలి. పిల్లలకు అందకుండా దాచాలి, పరీక్షించిన నీటిని పారబోయాలి. క్లోరిన్ నిలకడగా ఉండేది కాదు కనుక కుళాయి దగ్గరే, పట్టిన వెంటనే చూడాలి. సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపి, మర్నాడు వచ్చిన క్లోరిన్ అంకెను నమ్మడం వృథా.

నీరు వదిలిన మొదటి నిమిషంలో ఒకసారి, పది నిమిషాల తరువాత ఒకసారి చూడటం మంచి అలవాటు. మొదటి నీరు మడ్డిగా, క్లోరిన్ లేకుండా వచ్చి, తరువాతి నీరు తేటగా, గులాబీ రంగు చూపుతూ వస్తే లోపం మీ వీధి పైపులో ఉండే అవకాశం ఎక్కువ. వీధి కుళాయిలో 0.5 ఉండి, సంపులో సున్నా ఉంటే తప్పు మీ ఆవరణలోనే వెతకాలి. మా సంపు సంగతి ఈ ఒక్క పరీక్షతోనే మొదటి రోజున తెలిసి ఉండేది.

టీడీఎస్ మీటరు: ఎక్కడ పనికొస్తుంది

ఈ మీటరు నీటిలో ఏముందో చూడదు. నీరు విద్యుత్తును ఎంత సులువుగా ప్రసరింపజేస్తుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన లవణాల మొత్తంగా చూపుతుంది. బాక్టీరియా, వైరస్ దీనికి కనపడవు. సీసానికి ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 0.01 మి.గ్రా. మాత్రమే, అంత చిన్న మార్పు ఈ మీటరు అంకెను కదిలించలేదు. ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకని చోట 2000 వరకు అనుమతి. అంటే కుళాయి నీరు 180 చూపినా, 320 చూపినా ఆ కారణంగా యంత్రం కొనవలసిన పని లేదు. లీటరుకు 500 మి.గ్రా. కన్నా తక్కువ టీడీఎస్ ఉన్నచోట, కరిగిన లవణాలను పొరతో వడకట్టి తీసేసే ఆర్‌వో యంత్రాలను నిషేధించే దిశగా చర్యలు తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో పర్యావరణ మంత్రిత్వ శాఖను ఆదేశించడం వెనుక ఉన్న కారణాల్లో ఆ యంత్రాలు పారబోసే నీరు ఒకటి. రోజు విడిచి రోజు టాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో ఆ నష్టం చిన్నది కాదు.

అయితే సముద్రానికి దగ్గరగా బోరు వేసుకున్న వారికి ఇదే మీటరు నమ్మకమైన కాపలాదారు. పెదవాల్తేరు, లాసన్స్‌బే, ఎంవీపీ కాలనీ, భీమిలి వంటి తీర ప్రాంతాల్లో బోర్లను ఎక్కువగా తోడితే భూమి లోపల మంచినీటి మట్టం పడిపోయి, సముద్రపు నీరు లోపలికి చొచ్చుకువచ్చే ప్రమాదం ఉంటుంది. ఒక్కసారి కొలిచిన అంకెతో ఇది తెలియదు. ప్రతి నెలా ఒకే రోజున, మోటారు పది నిమిషాలు నడిచాక కొలిచి నోటు పుస్తకంలో రాసుకోవాలి. జనవరిలో 700 ఉన్నది మేలో 1400 అయి, వానలు పడ్డాక కూడా తగ్గకపోతే క్లోరైడ్ పరీక్ష చేయించాలి. క్లోరైడ్‌కు ఆమోదయోగ్యమైన హద్దు 250, అనుమతించిన గరిష్ఠ హద్దు 1000 మి.గ్రా.

అమ్మకందారుడి ఉచిత పరీక్ష

ఇంటికి వచ్చి ఉచితంగా నీటిని పరీక్షిస్తామనే వారి గురించి ఒక మాట చెప్పక తప్పదు. రెండు గ్లాసుల్లో కుళాయి నీరు, ఆర్‌వో నీరు పోసి, లోహపు కడ్డీలున్న పరికరాన్ని ముంచి కరెంటు పెడతారు. కుళాయి నీరు నిమిషంలో గోధుమ రంగు తిరిగి బురదలా అవుతుంది, ఆర్‌వో నీరు తేటగానే ఉంటుంది. చూసిన గృహిణి భయపడిపోతుంది. ఆ బురద నీటిలోది కాదు, కరెంటుకు కరిగిన ఇనుప కడ్డీలోది. కుళాయి నీటిలో సహజమైన లవణాలు ఉండటం వల్ల విద్యుత్తు ప్రవహించి కడ్డీ కరుగుతుంది. ఆర్‌వో నీటిలో లవణాలు చాలా తక్కువ కనుక దాదాపు కరగదు. ఆ తేట నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమని అడగండి, అదీ గోధుమ రంగుకే మారుతుంది. దీన్ని పరీక్షల జాబితాలోనే చేర్చకూడదని నా దృఢమైన అభిప్రాయం.

బాక్టీరియా: నల్లబడే సీసాకు, ప్రయోగశాలకు ఉన్న తేడా

ఐఎస్ 10500 ఈ విషయంలో ఏ సడలింపూ ఇవ్వదు. 100 మిల్లీలీటర్ల నమూనాలో ఒక్క ఈ.కోలి కూడా కనపడకూడదు. దీన్ని చూడటానికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా. దీన్ని 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ప్రపంచానికి పరిచయం చేశారు. మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో గీత వరకు నీరు పోసి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలసంబంధమైన కలుషితం ఉన్న నీరు నల్లగా మారుతుంది. విశాఖ వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు దీనికి ప్రత్యేకమైన వేడి పెట్టె కూడా అక్కరలేదు. ఖర్చు తక్కువ కనుక ఒకే రోజు మూడు నాలుగు చోట్ల నమూనాలు పెట్టుకోవచ్చు; లోపం ఎక్కడుందో వెతకడానికి దీన్ని మించిన సాధనం లేదు. కాని ఇది ఉందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే కొన్ని బోరు నీళ్ళు మలకలుషితం లేకుండానే నల్లబడవచ్చు. నీటిలో క్లోరిన్ ఉండి, సీసాలో దాన్ని విరిచే మందు లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. సీసా నల్లబడితే వెంటనే నీటిని మరిగించి తాగడం మొదలుపెట్టాలి. నల్లబడకపోతే మాత్రం దాన్నే చివరి మాటగా తీసుకోకూడదు.

రెండోది ప్రయోగశాల. అక్కడ ఎంపీఎన్ (అత్యంత సంభావ్య సంఖ్యను అంచనా వేసే) పద్ధతిలోనో, సన్నని పొర మీద వడకట్టి పెంచే పద్ధతిలోనో బాక్టీరియా సంఖ్యను లెక్కిస్తారు. కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయాలన్నా, బిల్డరును నిలదీయాలన్నా, ఇంట్లో పసిబిడ్డ, గర్భిణి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉన్నా దీనికే వెళ్ళాలి. ఇక్కడ ఫలితం సగం మన చేతిలోనే ఉంది. సీసాను ప్రయోగశాల నుంచే తెచ్చుకోవాలి, ఎందుకంటే అది క్రిములు లేకుండా శుద్ధి చేసినది, క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ అందులో ముందే వేసి ఉంటుంది. దాన్ని కడగకూడదు, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకూడదు. కుళాయికి ఉన్న గుడ్డ, జాలీ తీసేసి, మూతిని శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీరు వదిలి, అప్పుడు పట్టాలి. మంచుముక్కల మధ్య పెట్టి సాధ్యమైనంత వరకు ఆరు గంటల్లోపల అందించాలి. మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టి సాయంత్రం అప్పగించిన నమూనా ఏ ఫలితం ఇచ్చినా దాని మీద ఆధారపడలేము.

ఈ.కోలి లేదన్న కాగితం కూడా అన్ని జబ్బులకూ హామీ కాదు. 1955 చివర, 1956 మొదట్లో ఢిల్లీలో మురుగు కలిసిన యమునా నీటి వల్ల వేలాది మందికి కామెర్లు వచ్చాయి. బాక్టీరియాను అదుపులో ఉంచిన క్లోరిన్ ఆ కామెర్ల వైరస్‌ను ఆపలేకపోయింది. మడ్డి నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు. అందుకే క్లోరిన్‌తో పాటు మడ్డితనాన్ని కూడా చూడాలి. దానికి ఆమోదయోగ్యమైన హద్దు 1 ఎన్‌టీయూ (మడ్డితనాన్ని కొలిచే ప్రమాణం), వేరే దారి లేనప్పుడు 5.

రసాయన పరీక్ష ఎవరికి అవసరం

ప్రయోగశాలలు సాధారణంగా ఒక చిన్న ప్యాకేజీని, ఒక పెద్ద ప్యాకేజీని చూపుతాయి. కుళాయి నీరు మాత్రమే తాగేవారికి పీహెచ్, మడ్డితనం, కఠినత్వం వంటివి ఉన్న చిన్న ప్యాకేజీతో పాటు బాక్టీరియా పరీక్ష ఉంటే చాలు. పాత ఇంట్లో పాత పైపులు, ఇత్తడి అమరికలు ఉంటే సీసం ఒక్కటి విడిగా చేర్చుకోవాలి. ఆ నమూనా పట్టే పద్ధతి బాక్టీరియా నమూనాకు పూర్తిగా వ్యతిరేకం: రాత్రంతా కదలకుండా ఉన్న నీటిని తెల్లవారి మొట్టమొదట తిప్పిన ధార నుంచే పట్టాలి.

బోరు నీరు తాగేవారికి క్లోరైడ్, ఫ్లోరైడ్, ఇనుముతో పాటు నైట్రేట్ తప్పనిసరి. భూగర్భ డ్రైనేజీ అందని కొత్త లేఅవుట్లలో సెప్టిక్ ట్యాంకు, బోరు ఒకే స్థలంలో పదడుగుల దూరంలో ఉండటం నేను చూశాను. నైట్రేట్ 45 మి.గ్రా. దాటకూడదు. డబ్బాపాలు తాగే ఆరు నెలల లోపు పసివారికి అది రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. మరిగించి ఇస్తున్నాము కదా అనుకునే తల్లులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

గాజువాక, మింది, పెదగంట్యాడ వైపు పరిశ్రమల దాపున బోరు నీరు వాడేవారు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం వంటి భార లోహాల పరీక్ష ఒక్కసారైనా చేయించడం న్యాయం. పెద్ద ప్యాకేజీ కూడా అన్నిటినీ చూడదని ఇక్కడే గుర్తుంచుకోవాలి. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో పరిశ్రమ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెలువడినప్పుడు దగ్గరలోని మేఘాద్రిగెడ్డ నీటిని నగరానికి తీసుకోవడం ఆపవలసి వచ్చింది. స్టైరీన్ వంటి తేలికగా ఆవిరయ్యే పదార్థం మామూలు రసాయన పరీక్షల్లో కనపడదు; దానికి గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రం, గాలి బుడగ లేకుండా నింపిన గాజు సీసా కావాలి. ఏ పదార్థం మీద అనుమానమో పేరు పెట్టి అడిగితేనే ప్రయోగశాల దాన్ని వెతుకుతుంది.

ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోకూడదు. గుర్తింపు అంశాల వారీగా ఇస్తారు కనుక, మీకు కావలసిన అంశం వారి పరిధి పత్రంలో ఉందో లేదో చూడాలి. నివేదికలో 'కనపడలేదు' అని ఉంటే, వారి పద్ధతి ఎంత తక్కువ మోతాదును పట్టగలదో అడగాలి. హద్దు 0.01 అయినప్పుడు, 0.05 కన్నా తక్కువను చూడలేని పద్ధతిలో 'కనపడలేదు' అన్న మాటకు విలువ లేదు. యంత్రాలు అమ్మే సంస్థ తానే ప్రయోగశాల కూడా నడుపుతుంటే నేను ఇంకో చోటికే వెళతాను.

క్యాను నీరు, టాంకరు నీరు

ఇరవై లీటర్ల క్యానులో టీడీఎస్ 40 చూపించి స్వచ్ఛమైనదని నమ్మేవారు చాలామంది. ఆర్‌వో నీటిలో క్లోరిన్ మిగలదు కనుక, క్యానును సరిగా కడగకపోయినా, ఎండలో నిలబెట్టినా అందులో సూక్ష్మజీవులు సులువుగా పెరుగుతాయి. దీనికి హెచ్2ఎస్ సీసాయే సరైన తొలి పరీక్ష. టాంకరు నీటికైతే సంపులోకి వదలక ముందే క్లోరోస్కోప్‌తో చూసి, సున్నా వస్తే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్టు నీటిలో కలిపి, తేటను మాత్రమే సంపులో పోసి, గంట ఆగి మళ్ళీ క్లోరిన్ చూసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక రోజుల తరబడి టాంకర్ల మీదే బతికిన వారికి ఈ ఒక్క పద్ధతి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఖర్చు పంచుకోగలిగే అపార్ట్‌మెంటు సంఘమైతే, నా ఎంపిక ఇలా ఉంటుంది. డీపీడీ క్లోరోస్కోప్ ఒకటి కొని వాచ్‌మన్‌కు నేర్పించి వారానికి రెండుసార్లు మూడు చోట్లా రాయించడం, బోరు ఉంటే నెలకొకసారి టీడీఎస్, వానలు మొదలైన జూన్, జూలైలో ఒకసారి, తుపాన్ల కాలం ముగిశాక ఒకసారి ప్రయోగశాలలో బాక్టీరియా పరీక్ష, రెండేళ్ళకొకసారి రసాయన పరీక్ష. విడి ఇళ్ళవారు క్లోరోస్కోప్, కొన్ని హెచ్2ఎస్ సీసాలతో మొదలుపెట్టి, అనుమానం వచ్చినప్పుడే ప్రయోగశాలకు వెళ్ళవచ్చు.

వీధి కుళాయి దగ్గరే ఫలితం చెడుగా వస్తే తేదీ, సమయం, చోటు, క్లోరిన్ అంకెలతో వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నీళ్ళు బాగోలేవు అన్న మాట కన్నా మూడు రోజుల అంకెల మీద ఇంజినీరు త్వరగా కదులుతారు. సంపులో చెడుగా వస్తే ఖాళీ చేసి, గోడలు తోమి, పగుళ్ళు పూడ్చి, క్లోరిన్ వేసి నింపాలి. ఆ వెంటనే తీసిన నమూనా ఎలాగూ బాగానే వస్తుంది కాబట్టి, మామూలు వాడకం మొదలై వారం గడిచాక, వీలైతే ఒక మంచి వాన పడిన మర్నాడు, మళ్ళీ పరీక్షించాలి. మేము అలా రెండోసారి చూసినప్పుడే ఛాంబర్ వైపు గోడలో మరో పగులు దొరికింది.